వరాలు భోజలి పెట్టుకున్న ఊరు

బిసాహిన్ అనే మనిషి లేకపోతే నేను రాజిం చూసేదాన్నే కాదు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు ఇప్పటికీ మనసు రాదు. కానీ ప్రయాణం గురించి చెప్పేటప్పుడు అది ఎక్కడ మొదలైందో చెప్పాలి కదా, అందుకని చెబుతున్నాను.

ఆ ప్రయాణం కాళయుక్తి నామ సంవత్సరంలో. డెబ్భై ఎనిమిది అని మా ఆయన సరిదిద్దుతారు. ఆయనకి భిలాయి ఉక్కు ఫ్యాక్టరీలో, కోక్ ఓవెన్లలో పని. మాది పాలకొండ దగ్గర పల్లె. ఆ ప్రయాణానికి చాలా ఏళ్ళ ముందే, చంటిపాపతో భిలాయి వచ్చి సెక్టర్ రెండులో క్వార్టర్‌లో దిగాం. ఆ నెలలోనే పక్క క్వార్టర్‌లో వరాలు దిగింది. బొబ్బిలి పిల్ల. తల్లి లేదు, తోడబుట్టినవాళ్ళు లేరు. దిగిన రోజున అగ్గిపెట్టె అడగడానికి మా ఇంటికొచ్చింది. నేను అప్పుడు మా పాపకి అన్నం పెడుతూ కథ చెబుతున్నాను. వింటూ గుమ్మంలోనే కూలబడింది. ఆ పూట వాళ్ళ పొయ్యి వెలగనే లేదు. వాళ్ళాయన డ్యూటీ నుంచి వచ్చి మా ఇంట్లోనే తిన్నాడు.

అప్పటి నుంచి సాయంత్రాలు అలాగే నడిచాయి. నాకు చదువు మూడో క్లాసుతో సరి. మా తాతగారు పురాణం చెబుతుంటే పక్కన కూర్చుని విన్నదంతా మాత్రం ఒక్క మాట పోకుండా ఉంది. పురోహితుడు పూజ మొదలుపెట్టేటప్పుడు ఏ కల్పం, ఏ మనువు, ఏ యుగం, ఏ సంవత్సరం అని కాలాన్ని పెద్దదాని నుంచి చిన్నదానిదాకా దించుకుంటూ వస్తాడు చూడండి, అది కూడా నాకు నోటికొచ్చు. మా వీధి ఆడవాళ్ళందరూ వచ్చి వినేవారు. కానీ నేను కథ చెప్పేది వరాలుకే. మిగతావాళ్ళు పక్కన కూర్చున్నట్టు లెక్క.

ఇలా ఉండగా మా చెల్లెలి పెళ్ళని నేను ఊరికి వెళ్ళి నెల రోజులు ఉండిపోయాను. ఆ నెలలోనే వరాలుకి టైఫాయిడ్ వచ్చింది. నేను తిరిగొచ్చేసరికి మంచం పక్కన, నేను కూర్చోవలసిన చోట, ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడ కూర్చుని ఉంది. పొడుగాటి మనిషి. మోచేతులదాకా పచ్చబొట్లు, మెడలో సుత అనే లావాటి వెండి కడియం. ఆదివారం సంతలో కూరగాయలు అమ్ముతుంది. కూర కొనడానికి వెళ్ళినప్పుడు పరిచయమట. మూడు వారాలు గంజి కాచి పోసిందట, తడిగుడ్డలు వేసిందట. వరాలు ఒకటే చెప్పుకుపోతోంది. నేను రెండు చేతుల్లో మామిడి తాండ్ర, అరిసెలు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాను.

“ఈవిడే బిసాహిన్, అక్కా. ఈవిడే లేకపోతే నీకు నేను అగుపించేదాన్ని కాదు” అంది వరాలు.

బిసాహిన్ లేచి నా కాళ్ళకి దండం పెట్టింది. అది కూడా నాకు నచ్చలేదు.

అది జరిగిన మరుసటి శ్రావణంలో వరాలు వచ్చి, బిసాహిన్ వాళ్ళ ఊళ్ళో భోజలి పండగట, నన్ను రమ్మంది, నువ్వూ రావాలి అంది. రాఖీ పున్నమి మర్నాడు. రాజిం దగ్గర, మహానది ఒడ్డున ఊరు.

“నేనెందుకు?” అన్నాను.

“నువ్వు లేకపోతే నాను రైలెక్కగలనేటి?” అంది.

అబద్ధం. దుర్గ్ వెళ్ళి కోర్టు కాగితాల పని కూడా ఒక్కతే చక్కబెట్టుకొచ్చిన మనిషి. అయినా నన్ను రమ్మంది కదా అని మనసు కాస్త చల్లబడింది. ఇంతలో వెళ్ళబోతూ, “అక్కడ మేమిద్దరం భోజలి పెట్టుకుంటాం” అని చెప్పి గబగబా వెళ్ళిపోయింది. అంటే ఏమిటో నాకు తెలియలేదు. తెలియకపోయినా మంట మొదలైంది.

మా ఆయన్ని అడిగితే, “వెళ్ళిరా. వెళ్ళకపోతే ఇక్కడ కూర్చుని మమ్మల్ని వేపుకుతింటావు” అన్నారు.

శ్రావణ శుక్రవారం. తెల్లవారుతూనే పూజ చేసుకుని, పిల్లల్ని ఆయనకి అప్పజెప్పి, పులిహోర మూట కట్టుకుని బయల్దేరాం. పవర్‌హౌస్ స్టేషన్‌లో ప్యాసింజర్ దొరికింది. రాఖీ పండగ కదా, అన్నదమ్ములకి కట్టడానికి వెళ్ళే ఆడవాళ్ళతో పెట్టె నిండిపోయింది. రాయ్‌పూర్ దాకా నిలబడే వెళ్ళాం. వెళ్ళాలనుకునేవాళ్ళు రాఖీ రోజున బయల్దేరకండి, ఒకరోజు ముందు వెళ్ళండి.

రాయ్‌పూర్‌లో దిగి చిన్న రైలు ఎక్కాలి. పట్టాలు మూరెడు దూరంలో ఉన్నాయా అనిపిస్తుంది. పెట్టెలు కూడా పిల్లలాడుకునేవాటిలా ఉంటాయి. ఎదురు బల్ల మీది మనిషి మోకాళ్ళు మన మోకాళ్ళకి తగులుతాయి. ఎంత నెమ్మది అంటే, మధ్యలో కుర్రాళ్ళు దిగి, గట్టు మీద జామకాయలు కోసుకుని, పరిగెత్తకుండానే మళ్ళీ ఎక్కారు. రెండు వైపులా వరి నాట్లు. వాన పడి వెలిసింది. కిటికీలోంచి మట్టి వాసన వస్తోంది. వరాలు పులిహోర తింటూ తెగ మురిసిపోతోంది. నాకు ముద్ద దిగలేదు.

మా ఎదురుగా ఒక పెద్దాయన కూర్చున్నాడు. ధోవతి, చేతిలో గొడుగు. పల్లెటూరి బడిలో పంతులట, అందరూ గురూజీ అంటున్నారు. ఎక్కడికమ్మా అని హిందీలో అడిగాడు. వరాలు చెప్పింది. వాళ్ళ పండగంటే వాళ్ళకి ఎంత ఇష్టమో, ఆయన ముఖం విప్పారింది.

“భోజలి అంటే గోధుమ మొలకలమ్మా. శ్రావణంలో వెదురు బుట్టల్లో, కుమ్మరి ఆవం మట్టి వేసి, గోధుమలు చల్లుతారు. చీకటి గదిలో పెట్టి పసుపు నీళ్ళు చిలకరిస్తారు. ఎండ తగలదు గనక పచ్చగా కాకుండా బంగారంలా మొలుస్తాయి. ఆ మొలకల్లో దేవి ఉంటుంది. రోజూ సాయంత్రం ఆడపిల్లలు ఆవిడకి పాట పాడతారు. తర్వాత నదిలో సాగనంపుతారు.”

“ఇద్దరు భోజలి పెట్టుకోవడమంటే?” అని అడిగాను. అసలు నాకు కావలసింది అదే.

“నదిలో వేళ్ళు కడిగి, ఆ మొలకలు ఒకరి చెవి వెనక ఒకరు పెడతారు. అంతే, బతికినంత కాలం భోజలి. ఈమె తల్లి ఆమెకీ తల్లే. ఆమె ఇంట చావైతే ఈమెకీ మైలే. వాళ్ళ పిల్లల మధ్య పెళ్ళిళ్ళు కూడా చేసుకోరు, తోబుట్టువుల లెక్క. ఆ రోజు నుంచి పేరు పెట్టి పిలుచుకోకూడదు. కనబడితే ‘సీతారామ్ భోజలి’ అనాలి. పోట్లాడుకోకూడదు.”

నేను వరాలు వైపు చూశాను. కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఇదంతా దానికి తెలుసు.

“పండగ మీకు ఏ నెల?” అని గురూజీని అడిగాను. మాట మార్చాలనిపించింది.

“రేపటి నుంచి భాదో కదమ్మా. భాదో మొదటి రోజు.”

“భాద్రపదమా? ఎక్కడ! మాకు ఇంకా సగం శ్రావణం ఉంది. అమావాస్య వెళ్ళాక గానీ భాద్రపదం రాదు.”

“మాకు పున్నమితో నెల వెళ్ళిపోతుంది.”

“పున్నమితో నెల వెళ్ళడమేమిటి? చంద్రుడు నిండుగా ఉండగా నెల ముగించేస్తారా?”

“మరి మీరు చంద్రుడు లేకుండా పోయేదాకా కూర్చుంటారా?” అన్నాడాయన. పెట్టెలోవాళ్ళు నవ్వారు. వరాలు కూడా నవ్వింది. దాని నవ్వుకి నాకు ఒళ్ళు మండింది.

రాజిం స్టేషన్‌లో దిగేసరికి సాయంకాలం కావస్తోంది. బిసాహిన్ వచ్చి నిలబడి ఉంది. ముందు నా కాళ్ళకి దండం పెట్టి, నా చేతిలోని మూట లాక్కుని నెత్తిన పెట్టుకుంది. ఊరు నది గట్టు వెంట రెండు మైళ్ళు నడక. వానల వల్ల మహానది ఎర్రగా, నిండుగా పోతోంది. ఆ మధ్యలో, నీళ్ళ నడిబొడ్డున శివాలయం ఒకటి నిలబడి ఉంది. చుట్టూ ప్రవాహం, గోపురం మీద పావురాలు. మూడు నదులు అక్కడ కలుస్తాయి. ఎండాకాలంలో ఇసుకలో నడిచి వెళ్ళి దర్శనం చేసుకోవచ్చట. వానాకాలంలో దూరం నుంచే దండం పెట్టుకోవాలి. మేమూ అలాగే పెట్టుకున్నాం. ఏమి కోరుకున్నానో చెప్పను, మీరు ఊహించుకోగలరు.

ఆ రాత్రి బస బిసాహిన్ పుట్టింట్లో. పేడతో అలికిన మట్టి ఇల్లు, అద్దంలా ఉంది. అంగాకర్ రొట్టె, గోధుమపిండీ బెల్లంతో వేయించిన ఖుర్మీలు పెట్టారు. రొట్టెని ఆకులో చుట్టి నిప్పుల మీద కాలుస్తారు, ఆకు వాసనతో బాగుంటుంది. భోజనాలయ్యాక బిసాహిన్ దీపం పట్టుకుని చీకటి గదిలోకి తీసుకెళ్ళింది. గోడ వారగా బుట్టలు. వాటిల్లో జానెడు జానెడు మొలకలు. దీపం వెలుగు పడగానే పసుపు పచ్చగా మెరిశాయి. వరాలు నోరు తెరిచి అలాగే చూస్తూ ఉండిపోయింది.

నాకేమనిపించిందో తెలుసా? నేను ఈ పిల్లకి బ్రహ్మకి ఒక పగలంటే మనకెన్ని యుగాలో, ఎంతమంది మనువులు పుట్టి పోతారో, అన్నీ చెప్పాను. ఇన్నేళ్ళ సాయంత్రాలు ఖర్చుపెట్టి చెప్పాను. ఇప్పుడు వారం పైచిలుకు వయసున్న గోధుమ గడ్డి వచ్చి నాకు పోటీ నిలబడింది. అదే గెలిచేలా ఉంది.

మర్నాడు పొద్దున్న బోరే బాసి పెట్టారు. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచింది, పక్కన ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. మన చద్దన్నమే. దాన్ని మాత్రం ఇష్టంగా తిన్నాను, ఎవరి మీద కోపమున్నా చద్దన్నం మీద ఎందుకు?

మధ్యాహ్నం తిరిగాక ఊరేగింపు మొదలైంది. ఆడపిల్లలు, కోడళ్ళు బుట్టలు నెత్తిన పెట్టుకుని వరసగా నడిచారు. ముందు మాందర్ అనే మద్దెల. పాట ఒకరు అందుకుంటే మిగతావాళ్ళు సాగదీస్తారు. ఆ దేవి అత్తారింటికి వెళ్ళే కూతురన్నట్టు, కొందరు నిజంగా ఏడుస్తున్నారు. రోజూ నీళ్ళు పోసి పెంచింది, ఈవేళ పారే నీళ్ళలో వదిలేస్తారు. మళ్ళీ ఏడు మళ్ళీ గింజలు చల్లుతారు, మళ్ళీ వస్తుంది. మనం కల్పాలు, మన్వంతరాలు అని పెద్ద లెక్కలు వేసుకుంటాం గానీ, వీళ్ళ దేవి ఒక బుట్టలో పుట్టి పెరిగి ముగిసిపోతుంది. అది చూస్తే నాకూ కన్నీళ్ళు వచ్చాయి. ఇంతలో వరాలు నెత్తిన కూడా ఒక బుట్ట కనబడింది, నా కన్నీళ్ళు ఆగిపోయాయి. ఎప్పుడు ఎత్తుకుందో!

నది ఒడ్డున అందరూ మోకాళ్ళ లోతు నీళ్ళలో దిగి బుట్టలు దించారు. మట్టి కరిగి పోయింది, తెల్లటి వేళ్ళు తేలాయి. పిడికెడు మొలకలు తీసి చేతిలో పట్టుకున్నారు. వరాలు, బిసాహిన్ ఎదురెదురుగా నిలబడ్డారు. మధ్యలో బిసాహిన్ మేనత్త, ఊళ్ళో పెద్దావిడ, కొబ్బరికాయ పట్టుకుని నిలబడింది. నేను ఒడ్డున రాయి మీద కూర్చున్నాను, చూడకుండా ఉండలేను, దగ్గరికి వెళ్ళలేను.

మేనత్త గట్టిగా ఏదో అడిగింది. అందరూ నా వైపు తిరిగారు.

“ఏమంటోంది?” అన్నాను.

వరాలు నీళ్ళలోంచే చెప్పింది. “దీని పుట్టింటి తరఫున ఎవరొచ్చారు, వచ్చి దీన్ని ఇవ్వాలి అంటోంది. ఇద్దరి వైపూ పెద్దలు ఒప్పుకుంటేనే భోజలి. లేపోతే అవదు.”

“అయితే?”

“అయితే ఏటక్కా! నువ్వే.”

నేను రాయి మీంచి లేచాను. “ఇందుకా నన్ను తీసుకొచ్చావు?”

“మరి ముందే సెప్తే నువ్వొస్తావేటి?”

నేను చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళలో దిగాను. కాళ్ళ కింద ఇసుక జారుతోంది. దేవుడు ఇంత దూరం తీసుకొచ్చి తాళంచెవి నా చేతికే ఇచ్చాడు. కాదంటే కాదు. మేనత్త నా ముఖంలోకి చూస్తోంది. బిసాహిన్ తల వంచుకుని ఉంది. నేను ఏం చేశాననుకున్నారు? పురోహితుడిలాగా గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం, కలియుగం, మొదటి పాదం, కాళయుక్తి నామ సంవత్సరం, దక్షిణాయనం, వర్ష ఋతువు, అని దించుకుంటూ దించుకుంటూ వచ్చి, “శ్రావణ మాసం, బహుళ పాడ్యమి” అన్నాను. అని ఆగాను.

“శ్రావణం కాదు, భాదో” అంది మేనత్త. నా మాటల్లో ఆవిడకి అర్థమైంది అదొక్కటే.

నాకు కావలసింది కూడా అదే. “చూశారా! మీకు నెల మారిపోయింది, మాకు మారలేదు. ఒకే రోజుకి రెండు నెలలు. ఏ నెలలో ముడిపడిందో తెలియని ముడి ఎలా నిలుస్తుంది? ఇద్దరికీ ఒకే నెల నడిచే రోజు చూసుకుని చేసుకోండి. శుక్ల పక్షంలో అయితే రెండూ ఒకటే” అని నాకొచ్చిన హిందీలో చెప్పాను.

ఆడవాళ్ళలో గుసగుసలు మొదలయ్యాయి. మద్దెల ఆగింది. ఎవరో ముసలాయన ఒడ్డు మీంచి, తెలుగావిడ చెప్పింది నిజమే, పంచాంగాలు వేరు అన్నాడు. ఇంకొకావిడ, శుక్ల పక్షానికి మొలకలు ఎక్కడుంటాయి, ఇవాళ కాకపోతే మళ్ళీ ఏడే అంది. నాకు లోపల ఎంత హాయిగా ఉందో! మళ్ళీ ఏడంటే ఎవరికి తెలుసు, ఎవరెక్కడుంటారో.

వరాలు నా ముందుకి వచ్చి నిలబడింది. చేతిలో మొలకల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

“అక్కా, నెల సంగతి ఒగ్గేయ్. నీ కోపం నెల మీద కాదు. నన్నిస్తావా, ఇవ్వవా? అది సెప్పు.”

“నేనేటి ఇవ్వడం? నువ్వేటి నా గొడ్డువా, దూడవా?”

“మా అమ్మ నేదు గదా. నువ్వు కాపోతే నన్నిచ్చేది ఎవరు?” అంది. గొంతు పెంచలేదు. ఏడవలేదు. ఉన్నమాట అన్నట్టు అంది.

స్నేహితురాలు చేజారిపోతోందని నేను రెండు రోజులుగా రగిలిపోతున్నాను. ఇది నన్ను ఆ లెక్కలో పెట్టనే లేదు, తల్లి లెక్కలో పెట్టింది. దానికి సంతోషించాలా? నాకూ దానికీ వయసు తేడా ఎంతని! నాలుగేళ్ళు కూడా లేదు. తల్లి స్థానం ఇచ్చి స్నేహితురాలి స్థానం ఇంకొకరికి ఇస్తే, ఆ తల్లి స్థానం ఏం చేసుకోను?

అందరూ చూస్తున్నారు. నీళ్ళు మోకాళ్ళు దాటుతున్నాయి.

“ఇస్తాను” అన్నాను. “ఇస్తాను గానీ అంతా ఇవ్వను. పగళ్ళు తీసుకోమను. పొద్దు వాలాక మాత్రం నువ్వు నాదానివి. సాయంత్రాలు ఎవరికీ ఇవ్వను.”

వరాలు నోరు నొక్కుకుంది. “ఇది వాళ్ళకి సెప్పమంటావేటి?”

“చెప్పు. అందరూ వినేలా చెప్పు.”

చెప్పింది. నేను వాళ్ళు నవ్వుతారనుకున్నాను. మేనత్త నవ్వలేదు. ఇలాంటి షరతులు ఎన్నో విన్నదానిలా తల ఊపి, కొబ్బరికాయ పైకెత్తి, నదికి వినిపించేటట్టు, “సంఝా బేరా బడే దీదీ కే!” అంది. సాయంత్రం వేళ పెద్దక్కది అని. ఒడ్డు మీదివాళ్ళూ నీళ్ళలోవాళ్ళూ “హవ్!” అని ఒప్పుకున్నారు. కొబ్బరికాయ కొట్టింది. మద్దెల మళ్ళీ మోగింది.

వరాలు బిసాహిన్ చెవి వెనక మొలకలు పెట్టింది. బిసాహిన్ వరాలు చెవి వెనక పెట్టింది. “సీతారామ్ భోజలి” అని ఒకరు, “సీతారామ్ భోజలి” అని ఒకరు. కొత్త పేరు పెట్టుకున్న పిల్లల్లాగా ఇద్దరూ సిగ్గుపడ్డారు. తర్వాత ఇద్దరూ వచ్చి నా కాళ్ళకి నీళ్ళలోనే దండం పెట్టారు. వరాలు మొలకలు కొన్ని నా చెవి వెనక కూడా పెట్టబోయింది. తల పక్కకి తిప్పుకున్నాను.

“నాకొద్దు. పెట్టుకుంటే నిన్ను పేరు పెట్టి పిలవకూడదు, తిట్టకూడదు. తిట్టకపోతే నాకు నీతో ఏం తోస్తుంది?”

“సరే, తిట్టు” అంది.

“బుద్ధి లేనిదానా” అన్నాను. కాస్త ఊరట కలిగింది.

ఆ సాయంకాలమే తిరుగు రైలు. మర్నాడు ఆదివారం, సంతకి కూరలు పట్టాలి గనక బిసాహిన్ కూడా మాతోనే బయల్దేరింది. ఇది ముందు ఎవరూ నాకు చెప్పలేదు. రెండు గంపల కాకరకాయలు, బెండకాయలతో ఎక్కి, వరాలు పక్కన కూర్చుంది. ఎదురు బల్ల మీద నేను. ఇద్దరి చెవుల వెనకా పసుపు గడ్డి. కుదుపుకి రెండూ ఒకేసారి ఊగుతున్నాయి. పెట్టెలోకి ఎక్కిన వాళ్ళందరూ వాళ్ళని చూసి, “భోజలి బదేవ్ కా?” అని, అంటే భోజలి పెట్టుకున్నారా అని అడుగుతూ, దండాలు పెడుతూ, ఖుర్మీలు పంచుతూ ఒకటే సందడి. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నా చెవి వెనక ఏమీ లేదు కదా.

అభన్‌పూర్ దాటేసరికి పొద్దు వాలింది. నేను కొంగు సర్దుకుని కూర్చున్నాను.

“వరాలూ, పొద్దు వాలింది.”

“అవునక్కా.”

“ఇది నా వేళ.”

“కాదన్నానేటి? సెప్పు.”

మొదలుపెట్టాను. ఒక రాజు. ఆయనకో కూతురు. ఆ పిల్లకి తగిన వరుడు భూమ్మీద ఎవరో తేల్చుకోలేక, బ్రహ్మనే అడుగుదామని కూతుర్ని వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్ళాడు. అక్కడ గానం జరుగుతోంది. మధ్యలో అడగడం మర్యాద కాదని ఇద్దరూ ఒక పక్కన కూర్చున్నారు.

ఇంతలో వరాలు బిసాహిన్ వైపు తిరిగి, నేను చెప్పింది హిందీలో చెప్పడం మొదలుపెట్టింది. నాకు ఎలా ఉంటుంది చెప్పండి! నా వేళ, నా కథ, ఆవిడ చెవిలోకి. చుట్టూ ఉన్న ఛత్తీస్‌గఢీవాళ్ళు కూడా వరాలు వైపు ఒంగారు. నేను చెబుతుంటే ఎవరూ చూడటం లేదు, వరాలు నోరు తెరిస్తే అందరూ చూస్తున్నారు.

సరే అని నేను వాక్యాలు పొడుగు చేశాను. బ్రహ్మ సభని వర్ణించాను. స్తంభాలు, వాటికి పొదిగిన రత్నాలు, పాడేవాళ్ళు, వాళ్ళ వీణలు, ఆ తంత్రులు, ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోయాను. వరాలుకి అందలేదు. తడబడింది, రత్నాల దగ్గర ఆగిపోయింది. బిసాహిన్ కథ తెగిపోయిన ముఖం పెట్టి, అయినా ఏమీ అనకుండా, ఒడిలో చేతులు పెట్టుకుని నా నోటి వంకే చూస్తోంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా చూస్తోంది. ఎన్నో ఏళ్ళ కిందట అగ్గిపెట్టె కోసం వచ్చి గుమ్మంలో కూలబడిన మనిషిని నేను చూశాను గనక, ఆ చూపు ఏమిటో నాకు తెలుసు. తెలియకపోతే బాగుండేది.

వాక్యాలు పొట్టి చేశాను.

“పాట అయిపోయింది.” వరాలు చెప్పింది.

“రాజు అడిగాడు.” చెప్పింది.

“బ్రహ్మ నవ్వాడు. నువ్వు మనసులో పెట్టుకొచ్చిన వరుళ్ళు ఎవరూ ఇప్పుడు లేరు, వాళ్ళ మనవల మనవలు కూడా లేరు అన్నాడు. నువ్వు ఒక్క పాట విన్నావు, కింద యుగాలు గడిచిపోయాయి అన్నాడు.”

వరాలు అది చెప్పేసరికి పెట్టెలో అందరూ “అరే రామ్” అన్నారు. రైలు రాయ్‌పూర్ చేరింది. గంపలు దించుకుని, పరిగెత్తి దుర్గ్ వైపు వెళ్ళే ప్యాసింజర్ ఎక్కాం. కూర్చోవడానికి చోటు దొరికింది.

రాజిం వెళ్ళాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. చిన్న రైలు నెమ్మది, తిండి వెంట తీసుకెళ్ళండి. వానాకాలంలో గుడి లోపలికి వెళ్ళలేరు, అయినా ఆ నీళ్ళ మధ్య గుడిని చూడాలంటే వానాకాలమే వెళ్ళాలి. ఊరివాళ్ళు మంచివాళ్ళు, ముక్కూ ముఖం తెలియనివాళ్ళకి కూడా చోటిస్తారు. నేను ఎన్నో తీర్థాలు చూశాను గానీ, దేవుణ్ణి అంత పొట్టి ఆయుష్షుతో పెంచి, అంత ప్రేమగా సాగనంపడం ఇంకెక్కడా చూడలేదు. భోజలి పండగ తప్పకుండా చూడవలసింది. మీకు ప్రాణంలాంటి స్నేహితురాలు ఉంటే మాత్రం, ఆవిణ్ణి ఇంట్లో వదిలి వెళ్ళండి.

భిలాయి దగ్గరపడుతుండగా, ప్లాంటు మీద ఆకాశం ఎర్రగా కనబడింది, బట్టీల్లోంచి కాగే మడ్డి పారబోస్తున్నారు. బిసాహిన్ అటే చూస్తోంది. ఉన్నట్టుండి వరాలుని ఏదో అడిగింది.

“ఏటంటోంది?” అన్నాను.

“ఆ రాజు కూతురు పాట ఇనడానికి ఎల్లింది కదా, కింద దాని స్నేహితురాళ్ళు ఉంటారు కదా, ఆళ్ళు ఎన్నాళ్ళు ఎదురుసూశారు అని అడుగుతోంది.”

ఆ కథ నేను మా తాతగారి దగ్గర విన్నాను. ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. ఆయన్ని నేను ఆ మాట అడగలేదు. నన్ను ఎవరూ అడగలేదు. ఇన్నేళ్ళు నా గుమ్మంలో కూర్చున్న వరాలు కూడా అడగలేదు. మొదటిసారి, అది కూడా సగం వినీ సగం వినకా, ఈవిడ అడిగింది. అడిగితే అడిగింది, నన్నే అడగొచ్చు కదా! నేను ఎదురుగానే ఉన్నాను. వరాలుని అడిగింది.

పవర్‌హౌస్ స్టేషన్ వచ్చింది. ఆవిడ గంపలెత్తుకుని దిగింది. నేను నా మూట తీసుకుని దిగి, కొంతదూరం నడిచాక ఆగాను.

“రేపు సాయంత్రం సంత అయ్యాక మా ఇంటికి రమ్మను, చెబుతాను” అన్నాను, వరాలుతో. నేను కూడా ఆవిడతో నేరుగా అనలేదు.